కేతిగాడి పిల్లిమొగ్గ

నూట పద్నాలుగు మందికి డబ్బు తిరిగి పంపడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. ఇవ్వాల్సింది మొత్తం 1,61,500 రూపాయలు. రోజూ ఆఫీసు నుంచి బెంగళూరు మారతహళ్లిలో రూముకొచ్చి, స్నానం చేసి, ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీట్ తెరిచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసేవాణ్ని. ముందు ఫోన్ చేయకుండా పంపితే ఏమవుతుందో మొదటి రోజే తెలిసింది. ఎవడో తెలియనివాడు ఖాతాలో 500 వేసి ‘వాపసు’ అని రాస్తే ఈ రోజుల్లో ఎవరైనా సైబర్ మోసమే అనుకుంటారు. ఇద్దరు నన్ను బ్లాక్ చేశారు, ఒకావిడ పోలీసులకు చెప్తానంది. తీసుకున్నప్పుడు ఎవరూ తిట్టలేదు, ఇచ్చేటప్పుడు తిట్లు తిన్నాను.

ఈ గొడవంతా ఒక వీడియో గేమ్ గురించి. ఇండీ గేమ్ అంటారు, అంటే వెనక పెద్ద కంపెనీ ఏదీ లేకుండా ఇద్దరు ముగ్గురు, ఒక్కోసారి ఒక్కరే కూర్చుని చేసే ఆట. ఈ పిచ్చి నాకు 2012లో పట్టింది, అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో. ఆ ఏడాది డబుల్ ఫైన్ అనే అమెరికా స్టూడియో, జనం దగ్గర ముందుగా డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ వెబ్‌సైట్‌లో 4 లక్షల డాలర్లు అడిగితే 87 వేల మంది కలిసి 33 లక్షలు ఇచ్చారు. ఆట ఇంకా పుట్టలేదు, దానికి పేరు కూడా లేదు! అదే ఏడాది ఊయా అనే చిన్న గేమింగ్ పెట్టె కోసం 9.5 లక్షలు అడిగితే 85 లక్షలు దాటింది. మా హాస్టల్లో ఎవరి దగ్గరా విదేశాల్లో చెల్లే కార్డు లేకపోవడం వల్ల మా డబ్బు బతికిపోయింది. డబుల్ ఫైన్ వాళ్లకు అంత డబ్బూ చాలక ఆటను రెండు ముక్కలు చేసి 2014లో ఒక సగం, 2015లో ఇంకో సగం ఇచ్చారు. ఊయాను రేజర్ కొనుక్కుంది, 2019 జూన్‌లో దాని సర్వర్లు ఆపేశారు.

మా ఆఫీసులో ఒక సీనియర్ అన్న ఉన్నాడు, నెల్లూరాయన. 2014లో స్టార్ సిటిజన్ అనే ఆటకి డబ్బు కట్టాడు. ఆ ఏడాదే పుట్టిన వాళ్ల పాప ఇప్పుడు ఆరో తరగతి. ఆ ఆట జనం దగ్గర 70 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది, ఇప్పటికీ పూర్తి ఆటగా విడుదల కాలేదు, ఆల్ఫా అనే పేరుతో నడుస్తోంది. అడిగితే అన్న కోప్పడడు, ‘నా ఓడ బాగుంది రా’ అంటాడు. ఓడ అంటే అందులో ఆయన డబ్బు పెట్టి కొన్న అంతరిక్ష నౌక. ఆ సమాధానం విని ఎన్నిసార్లు నవ్వానో.

నవ్విన ఆ నోటితోనే నేనూ పోయి డబ్బు అడిగాను.

2021లో ఇంటి నుంచి పని కాబట్టి ధర్మవరంలోనే ఉన్నాను. మా ఊరికి దగ్గర్లోనే నిమ్మలకుంట, తోలుబొమ్మలు చేసే ఊరు. మేకతోలు పలచగా గీసి, ఆరబెట్టి, రంగులద్ది, సన్నటి చిల్లులు కొట్టి, కాళ్లూ చేతులూ విడివిడిగా చేసి దారంతో కట్టిన బొమ్మలు. తెర వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి వెలుగు నగల్లా మెరుస్తుంది. నాకు తట్టిందేమిటంటే, ఆటలో బొమ్మను కాకుండా దీపాన్ని కదపాలి. దీపం దగ్గరికి తెస్తే నీడ పెద్దదవుతుంది, ఆ నీడే మెట్టు, ఆ నీడే వంతెన, దాని మీద తోలుబొమ్మలాటలో నవ్వించే మన కేతిగాడు నడుచుకుంటూ పోవాలి. వెనక బంగారక్క తరుముతుంటుంది. నేను యూనిటీలో, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, కోడ్ రాసేవాణ్ని. బొమ్మలన్నీ మదనపల్లె వాడు గీసేవాడు, నా ఇంజనీరింగ్ రూమ్మేట్, బెంగళూరులో యానిమేషన్ పని చేసుకునేవాడు. నాలుగు నెలల్లో రెండు లెవెళ్లు తయారయ్యాయి. అవి నిజంగా బాగున్నాయి, ఇంత జరిగాక కూడా ఆ మాట వెనక్కి తీసుకోను.

2022 మొదట్లో కంపెనీ వెనక్కి పిలిచింది, ఇద్దరం మారతహళ్లిలో ఒక ఇల్లు తీసుకున్నాం. అక్కడే ట్రైలర్ చేశాం. 58 సెకన్లు. దాంట్లో నలభయ్యో సెకను దగ్గర కేతిగాడు ఒక తెర మీంచి ఇంకో తెర మీదికి పిల్లిమొగ్గ వేస్తూ దూకుతాడు, గాల్లో ఉండగా వాడి నీడ ఏనుగంత పెద్దదై మళ్లీ చిన్నదవుతుంది. చూసిన ప్రతి ఒక్కరూ ఆ ఒక్క షాట్ గురించే మాట్లాడారు. అది మా ఆటలో లేదు. మదనపల్లె వాడు మూడు రాత్రులు కూర్చుని 34 ఫ్రేములు చేత్తో గీశాడు, నేను వాటిని వీడియోలో అతికించాను. ‘తర్వాత ఎట్లాగూ చేస్తాం కదరా మామా’ అన్నాను నేను. అన్నది నేనే, వాడు కాదు. ఆ విషయం ఇక్కడ రాసి పెడుతున్నాను, ఎందుకంటే తర్వాత గొడవపడ్డప్పుడు ఇద్దరం చెరో రకంగా గుర్తు పెట్టుకున్నాం.

ఇక డబ్బు. కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టగల దేశాల్లో భారత్ లేదు. పెట్టాలంటే అమెరికాలోనో ఇంకో చోటో మనిషి ఉండాలి. టెక్సస్‌లో ఉన్న మా బావ ‘నా పేరు మీద పెట్టుకో’ అన్నాడు గానీ, పన్ను లెక్కలు అడిగేసరికి ‘ఆలోచిద్దాం బామ్మర్దీ’ అని ఫోన్ పెట్టేశాడు. పుణె వాళ్లు చేసిన రాజీ అనే ఆట 2017లో కిక్‌స్టార్టర్‌కి పోయి అడిగినంత రాక తిరిగొచ్చింది. అక్కడ మొత్తం వస్తేనే డబ్బు చేతికిస్తారు, లేకపోతే ఒక్క డాలరూ రాదు. వాళ్లు పట్టు వదలకుండా 2020లో ఆట విడుదల చేశారనుకోండి, అది వేరే సంగతి. మాకు ఆ పట్టు ఉందో లేదో మాకే తెలియదు. అందుకని ఒక గూగుల్ ఫారం, ఒక యూపీఐ నంబరు పెట్టి ముందస్తు బుకింగ్ మొదలుపెట్టాం. 500 ఇస్తే ఆట. 2,000 ఇస్తే ఆటతో పాటు చివర్లో పేరు. 10,000 ఇస్తే మీ ముఖంతో ఒక తోలుబొమ్మ ఆటలో కనిపిస్తుంది. దసరాకల్లా విడుదల అని రాశాం. ఏ ధైర్యంతో రాశామో ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. 71 మంది ఐదువందలు, 38 మంది రెండువేలు, ఐదుగురు పదివేలు. మా పెద్దమ్మ కూడా 500 పంపింది, ఆమె ఫోన్‌లో వాట్సాప్ తప్ప ఇంకేమీ లేదు.

ఆ ఐదుగురి సంగతి చెప్పాలి. పదివేలు ఐదుగురివి కలిపి యాభై వేలు, సంతోషంగా ఖర్చు పెట్టేశాం. ఒక గ్రాఫిక్స్ టాబ్లెట్, డప్పు, తాళాలు రికార్డు చేసినతనికి కొంత, కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పేజీ పెట్టుకోవడానికి కట్టే 100 డాలర్లు. తర్వాత ఐదు ముఖాలు తోలుబొమ్మలుగా గీయడానికి మదనపల్లె వాడికి రెండు నెలలు పట్టింది. వాడు బయట పని చేసుకుంటే నెలకు నలభై అయిదు వేలు వచ్చేవి. అంటే యాభై వేలు తీసుకుని తొంభై వేల పని ఇచ్చాం, అదీ ఆటకు ఏ రకంగానూ అక్కరలేని పని. వైట్‌ఫీల్డ్‌లో ఒక అంకుల్ ఉన్నాడు, రాజమండ్రి వైపు ఆయన, రిటైరయ్యాడు. తన బొమ్మను మూడుసార్లు తిప్పి పంపాడు. ముక్కు సరిగ్గా లేదని. తోలుబొమ్మల్లో ముఖం పక్క నుంచి కనిపిస్తుంది అంకుల్, కొనముక్కు ఉంటుంది అని వివరిస్తే, ‘నాది కొనముక్కు కాదు బాబూ, నేను పదివేలు ఇచ్చింది నా ముక్కుకి’ అన్నాడు. ఆయన తప్పు కాదు. రాసిచ్చింది మేము.

ఇంకోపక్క నెలకోసారి అందరికీ అప్‌డేట్ పంపాలి. చెప్పడానికి కొత్త బొమ్మ ఏదో ఒకటి ఉండాలి కాబట్టి, అప్‌డేట్ కోసమే పని చేసిన వారాలు ఉన్నాయి. ఆట ముందుకు పోని నెలలోనే అప్‌డేట్ అందంగా వచ్చేది.

పెట్టుబడిదారుల దగ్గరికీ వెళ్లాం. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో గాజు గదులు, గోడ మీద పచ్చటి ప్లాస్టిక్ ఆకులు. 2022 ఫిబ్రవరి. ఒకాయన, గుంటూరు అబ్బాయే, ట్రైలర్ చూసి ‘సూపర్ బ్రో’ అని వెంటనే అడిగిన ప్రశ్న, ‘ఇందులో యూజర్ డబ్బు పెట్టి డబ్బు గెలుస్తాడా?’ లేదండీ, ఇది కథ ఉన్న పజిల్ ఆట. ‘అంటే రమ్మీ టైపు కాదు.’ కాదండీ. అప్పుడు దేశంలో గేమింగ్ పెట్టుబడి అంటే ఎక్కువ మందికి రమ్మీ, ఫాంటసీ క్రికెట్టే. 2023 అక్టోబర్‌లో వాటి మీద 28 శాతం జీఎస్టీ వచ్చి, 2025 ఆగస్టులో డబ్బు పందెం ఆటల్ని ఏకంగా నిషేధించే చట్టం వచ్చాక ఆయన ఏం చేస్తున్నాడో. ఆ రోజు మాత్రం చాలా ఓపికగా, కేతిగాడి బొమ్మల్ని ఎన్‌ఎఫ్‌టీలుగా, అంటే ఆన్‌లైన్‌లో కొని అమ్ముకునే డిజిటల్ సరుకుగా, అమ్మండి, ఆడిన వాళ్లకు క్రిప్టో టోకెన్లు ఇవ్వండి, యాక్సీ ఇన్ఫినిటీ అనే ఆట చూడండి అని ముప్పావు గంట చెప్పాడు. బయటికొచ్చి ఇరానీ ఛాయ్ తాగుతూ మేమిద్దరం నిజంగానే పది నిమిషాలు ఆలోచించాం, ఆ సంగతి దాచను. నెల తిరిగేసరికి యాక్సీ తాలూకు క్రిప్టో డబ్బు నడిచే రోనిన్ నెట్‌వర్క్ నుంచి 60 కోట్ల డాలర్లకు పైగా దొంగలు ఎత్తుకుపోయారు.

దసరా పోయింది, సంక్రాంతి పోయింది. 2023 మొదట్లో ఒక విదేశీ పబ్లిషర్, అంటే ఆటకు డబ్బు పెట్టి అమ్మిపెట్టేవాడు, మెయిల్ పెట్టాడు. ఆ రాత్రి బిర్యానీ తెప్పించుకున్నాం. 25 వేల డాలర్లు, అప్పటి లెక్కన ఇరవై లక్షలు, ఐదు విడతల్లో ఇస్తారు. మొత్తం వాళ్లకు తిరిగి వచ్చేదాకా అమ్మకాల డబ్బంతా వాళ్లదే, తర్వాత సగం సగం. కాగితం మీద లెక్క వేశాను. పది డాలర్ల ఆటలో స్టీమ్ 30 శాతం తీసుకుంటుంది, ఏడు మిగులుతాయి. 25 వేలు తీరాలంటే పూర్తి ధరకు 3,572 కాపీలు అమ్ముడుపోవాలి. పూర్తి ధరకు ఎవరు కొంటారు, సేల్ వచ్చేదాకా ఆగుతారు, మన దేశంలో ధర తక్కువ పెట్టాలి, పైగా రెండు గంటల లోపు ఆడి రెండు వారాల్లోపు వెనక్కిచ్చేస్తే స్టీమ్ డబ్బు వాపసు ఇచ్చేస్తుంది. మా స్టీమ్ పేజీలో విష్‌లిస్ట్ చేసినవాళ్లు, అంటే వచ్చాక చూద్దామని గుర్తు పెట్టుకున్నవాళ్లు, 412 మంది. 2024లో ఒక్క స్టీమ్‌లోనే 18 వేలకు పైగా ఆటలు వచ్చాయి, అంతకుముందు ఏళ్లలోనూ వేలల్లోనే వచ్చాయి. ఆ గుంపులో మా కేతిగాణ్ని ఎవరు చూస్తారు?

ఊరికి పోయినప్పుడు మా నాన్నకు ఆ కాంట్రాక్టు తెలుగులో చెప్పాను. ఆయన మగ్గం నేసి మమ్మల్ని చదివించినాయన. మొత్తం విని, ‘ఇది సావుకారి అడ్వాన్సే కదప్పా. చీర చీరకీ పట్టుకుంటాడు. తీరేదాకా ఇంకో సావుకారి గడప తొక్కనియ్యడు’ అన్నాడు. ఆ రెండో ముక్క నేను సరిగ్గా చదవలేదు. మెయిల్ తెరిచి చూస్తే నిజంగానే ఉంది, మా తర్వాతి ఆట కూడా ముందు వాళ్లకే చూపించాలని. అయినా సంతకం పెట్టేవాణ్నే. పెట్టనివ్వంది కేతిగాడు. మొదటి విడత డబ్బు ఇవ్వడానికి వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే, ట్రైలర్‌లో ఉన్న పిల్లిమొగ్గ ఆడి చూడగలిగే బిల్డ్, అంటే నడిచే ఆట, పంపండి.

ఆరు వారాలు దాని మీదే కూర్చున్నాం. సమస్య ఏమిటంటే మా ఆటలో నీడను గీయం, దీపం ఎక్కడుందో చూసి లెక్క కట్టి పుట్టిస్తాం, ఆ నీడ మీదే పాత్ర నిలబడుతుంది. కేతిగాడు తలకిందులైన క్షణంలో చెయ్యి మొండెంలోంచి దూరిపోతుంది, నీడ రెండుగా చిరుగుతుంది, కాళ్ల కింద నేల మాయమై వాడు తెర అడుగుకి పడిపోతాడు. పడుతూనే ఉంటాడు, స్కోరు మాత్రం పెరుగుతుంటుంది. చేతితో గీసిన 34 ఫ్రేముల్లో ఈ బాధ లేదు, అక్కడ దీపం ఎక్కడుందో ఎవరూ అడగరు.

ఆ ఎండాకాలంలోనే నిమ్మలకుంట వెళ్లాను, బొమ్మల కీళ్లు ఎట్లా కడతారో దగ్గర నుంచి చూద్దామని. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని లాంప్‌షేడ్‌కి రంగు వేస్తున్నాడు. ఆట కట్టించుకునేవాళ్లు తక్కువ నాయనా, ఇవైతే పట్నాలకు పోతాయి అన్నాడు. ఫోన్‌లో ట్రైలర్ చూపించాను. కళ్లద్దాలు పైకి తోసి చూశాడు, మళ్లీ పెట్టమన్నాడు. పిల్లిమొగ్గ దగ్గర ఆపమన్నాడు. ‘ఈ చెయ్యి ఎట్ల తిరిగింది?’ అన్నాడు. నేను ఏదో చెప్పబోయాను. పక్కన వేలాడుతున్న బొమ్మ తీసి, నడుమ బద్ద పట్టుకుని, దాని చెయ్యి వెనక్కి తిప్పి చూపించాడు. ఒక చోటికి వచ్చి ఆగిపోయింది. ‘ఇంతకంటే తిరగదు. తిప్పితే దారం తెగిపోతాది. ఇది బొమ్మ ఆడింది కాదు, ఎవరో గీసినారు’ అన్నాడు. ట్రైలర్ చూసి డబ్బు ఇచ్చినవాళ్లు నూట పద్నాలుగు మంది, గాజు గదుల్లో చూసినవాళ్లు ఏడెనిమిది మంది, మెయిల్ పెట్టిన పబ్లిషర్ ఒకడు. కనిపెట్టింది ఈయన ఒక్కడే, అదీ చేతిలో కుంచె పట్టుకునే.

పబ్లిషర్‌కి గడువు అడిగాను. ఒకసారి సరేనన్నారు, తర్వాత జవాబు రాలేదు.

సెప్టెంబర్‌లో యూనిటీ వాళ్లు, ఆట ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ ఫీజు అని ప్రకటించారు. ప్రపంచమంతా గగ్గోలు. మేమూ టెన్షన్ పడిపోయి, మొత్తం గోడో అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లోకి మార్చేద్దామని ఒక నెల దాని మీద పెట్టాం. ఆ ఫీజు పడాలంటే ఏడాదికి 2 లక్షల డాలర్ల రాబడి, మొత్తం మీద 2 లక్షల ఇన్‌స్టాల్స్ దాటాలి. మాకున్నవి 412 విష్‌లిస్టులు! ఏడాది తర్వాత వాళ్లే ఆ ఫీజు ఎత్తేశారు. ఆ నెల చివర్లోనే మదనపల్లె వాడు, ఇంక నా వల్ల కాదు రా, ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు, ఏం చేస్తున్నావంటే ఏం చెప్పాలి అన్నాడు. గొడవపడ్డాం. ట్రైలర్ ఎవరన్నారు, నువ్వన్నావు, నువ్వన్నావు. ఇప్పుడు మాట్లాడుకుంటున్నాం, వాడి పెళ్లికి వెళ్లొచ్చాను కూడా.

అందరూ ఇలాగే పోతారని నేను అనట్లేదు. అండర్‌టేల్ అనే ఆట 2013లో 5 వేల డాలర్లు అడిగి 51 వేలు తెచ్చుకుంది, రెండేళ్లకు ఆట వచ్చింది, అద్భుతంగా ఉంది. కానీ డబ్బు అడిగే ముందే దాన్ని చేసిన టోబీ ఫాక్స్ డెమో ఆడుకోవడానికి ఇచ్చేశాడు. హాలో నైట్ వాళ్లు 2014లో అడిగింది తక్కువ, వచ్చింది 57 వేల ఆస్ట్రేలియా డాలర్లు, 2017లో ఆట ఇచ్చారు. అయితే ఆ వసూళ్లప్పుడు స్ట్రెచ్ గోల్‌గా, అంటే అడిగినదానికంటే ఎక్కువ వస్తే అదనంగా ఇచ్చేదిగా, ఇంకో పాత్రతో కూడా ఆడిస్తామని ఒక మాట అన్నారు చూడండి, ఆ మాట పెరిగి పెరిగి సిల్క్‌సాంగ్ అనే ఇంకో ఆట అయి బయటికి రావడానికి 2025 సెప్టెంబర్ పట్టింది. మొదటి ఆట అంత బాగా అమ్ముడుపోయింది కాబట్టి వాళ్లు తట్టుకున్నారు. మాలాంటి వాడు అదే మాట అంటే ఇంటి అడ్వాన్స్ పోతుంది.

పోయింది కూడా. 2024లో మారతహళ్లి ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఓనర్ పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకుని మిగతా అడ్వాన్స్ ఇచ్చాడు. అందులో నా వాటా, ఆ ఏడాది బోనస్ కలిపి వాపసులు కట్టాను. అప్పటినుంచి నేనుంటున్నది ఒక్క రూము. ఉన్న రెండు లెవెళ్లకు ఇంకొకటి చేర్చి నలభై నిమిషాల ఆటగా ఉచితంగా పెట్టేశాను, అందులో పిల్లిమొగ్గ లేదు. ఇప్పుడు ఏ ట్రైలర్ చూసినా నేను చూసేది ఒక్కటే, ఆడుతున్న మనిషి ఎక్కడైనా తడబడ్డాడా అని. అసలు ఆట అయితే చెయ్యి ఒకసారి తప్పు బటన్ మీద పడుతుంది, పాత్ర గోడకు గుద్దుకుంటుంది. ఒక్కసారీ గుద్దుకోలేదంటే నాకు మదనపల్లె వాడి మూడు రాత్రులు గుర్తొస్తాయి.

పెద్దమ్మ తన 500 తీసుకోనంది, నీ పెళ్లికి చదివింపులు అనుకో అంది. నెల్లూరన్న 2,000 తీసుకుని, ‘నాకు వాపసు ఇచ్చిన మొదటి ఆట నీదే రా’ అని ఆఫీసంతా చెప్పాడు. వైట్‌ఫీల్డ్ అంకుల్ మాత్రం డబ్బు సంగతి వినిపించుకోలేదు. ‘ఆట రాకపోతే పోయింది, నా బొమ్మ ఏది?’ అన్నాడు. నాలుగోసారి గీసిన ముక్కుతో ఉన్న ఫైలు హార్డ్‌డిస్క్‌లో వెతికి పంపాను. పదివేలు కూడా వేశాను, కాదంటున్నా వినకుండా. మొన్న చూస్తే ఆయన వాట్సాప్ డీపీ అదే, కిరీటం పెట్టుకుని, పక్కకు తిరిగి, చాలా మామూలు ముక్కుతో.